ఒకే పేరు, మూడు గడులు

మా గోదావరిఖని క్వార్టర్‌లో ఉన్న పాత హార్డ్‌డిస్క్‌లో రెండు వేలకు పైగా పాటలున్నయ్. సింగరేణిలో డ్యూటీ చేసే మా బాపు ఏళ్ల తరబడి సీడీల నుంచి, పెన్‌డ్రైవ్‌ల నుంచి పోగేసినవి. షిఫ్ట్ దిగి వచ్చాక ఆయన ఎక్కువగా వినేది ఘంటసాలనే. కానీ ఆ ఒక్క పేరే అందులో అయిదారు రకాల స్పెల్లింగుల్లో ఉంది. కొన్ని పాటలకైతే ఆర్టిస్ట్ గడిలో ఏదో వెబ్‌సైట్ పేరు! అన్నీ ఒకేసారి సరిచేద్దామని సెలవుల్లో ఎంపీత్రీట్యాగ్ ఓపెన్ చేశాను. ఏ పాటలో ఆయన పేరు ఏ గడిలో ఉండాలో తెలియాలంటే ఆయన జీవితం తెలియాలని అప్పుడు అర్థమైంది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. ఆయన చిన్నప్పుడే పోయారు. సంగీతం నేర్చుకోవాలని ఘంటసాల ఉంగరం అమ్ముకొని విజయనగరం వెళ్లారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు ఉచితంగా పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె పట్టి మాధుకరం ఎత్తుకున్నారు. మనం హాస్టల్ మెస్ బాగాలేదని గొడవ చేసే వయసది!

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకు పోయారు. తర్వాత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి, రేడియోలో పాడుతూ, సినిమాల్లో కోరస్ పాడుతూ, చిన్నచిన్న వేషాలు వేస్తూ నెట్టుకొచ్చారు. 1949లో ‘మన దేశం’కి సంగీత దర్శకులయ్యారు. 1951లో ‘పాతాళభైరవి’తో ఊరూరా ఆయన పేరు మోగింది.

ఇక్కడే ట్యాగుల చిక్కు మొదలవుతుంది. ‘పాతాళభైరవి’లో ఆయన గాయకుడు, సంగీత దర్శకుడు కూడా. 1953 నాటి ‘దేవదాసు’లో గొంతు ఆయనది, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది. 1963 నాటి ‘లవకుశ’లో సంగీతం ఆయనది, లవకుశుల పాటలు పాడింది లీల, సుశీల. అంటే ఒకే మనిషి పేరు ఒక్కోచోట ఒక్కో గడిలోకి పోవాలి.

1996లో వచ్చిన మొదటి ఐడీ3 ట్యాగ్ మొత్తం 128 బైట్లు. ఆర్టిస్ట్‌కి అందులో 30 బైట్లు ఇచ్చారు గానీ కంపోజర్‌కి గడే లేదు. పాట రాసినవాళ్లకూ లేదు. ఆ లెక్కన ఘంటసాల జీవితంలో సగం ఎక్కడా నమోదు కాదు, పింగళి నాగేంద్రరావు అసలే కనిపించరు. తర్వాత వచ్చిన రెండో వెర్షన్‌లో ఇద్దరికీ వేరువేరు గడులున్నయ్. మనమే నింపం.

అట్లని ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి కంపోజర్ గడిలో ఘంటసాల అని కొడితే ఇంకో అన్యాయం. 1957 నాటి ‘మాయాబజార్’కి సంగీత దర్శకుడు ఆయనే. కానీ వెన్నెల్లో పడవ మీద సాగే పాటతో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో తప్పుకున్నాక, ఆ బాణీలకు వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేసింది ఘంటసాల. ఒక్క క్లిక్‌తో రాజేశ్వరరావు పేరు కొట్టుకుపోతుంది, అడిగేవాళ్లు కూడా ఉండరు.

అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ముందు ఫోల్డర్‌కి కాపీ తీయాలి. తర్వాత సినిమావారీగా పాటలు పట్టాలి. ఎక్కువ పాటలు సెలెక్ట్ చేసినప్పుడు ఒక్కో పాటలో ఒక్కో పేరుంటే ఎంపీత్రీట్యాగ్ ఆ గడిలో ‘కీప్’ అని చూపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఉంచుతానని అర్థం. ఆ గడిని తేల్చుకున్నాకే ముట్టుకోవాలి. స్పెల్లింగ్ మాత్రం ధైర్యంగా ఒకేసారి మార్చుకోవచ్చు.

1970లో ఘంటసాలకు పద్మశ్రీ వచ్చింది. చివరి రోజుల్లో, ఆరోగ్యం బాగాలేకున్నా భగవద్గీత రికార్డు చేశారు. ఆ పనిలో తోడున్నది, విజయనగరంలో చదువు చెప్పిన గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు.

మీ ఇళ్లల్లోనూ భగవద్గీత ఫోల్డర్ ఉండే ఉంటుంది. ఆర్టిస్ట్ గడిలో ఘంటసాల అని రాసినప్పుడు, పక్కన ఇంకో గడిలో సంగీతరావు గారి పేరు కూడా చేర్చండి.