ప్రజాకవి సుద్దాల హనుమంతు

మా నర్సంపేట పల్లెల్లో నాట్లప్పుడు పాట లేనిదే పని సాగదు. ఆ పాట కట్టిందెవరని మాత్రం యెవరూ అడగరు. నేనూ అడిగినవాణ్ణి కాదు. హాస్టల్లో ఒక సీనియరన్న 'పల్లెటూరి పిల్లగాడా' పాడినప్పుడు మొదటిసారి అడిగాను. సుద్దాల హనుమంతు అన్నాడు. ఆ మహనీయుని గురించి తెలుసుకొన్న నాలుగు ముక్కలు సోదర విద్యార్థులతో పంచుకోవాలని యీ చిన్న ప్రయత్నం.

హనుమంతు నల్లగొండ జిల్లా పాలడుగులో పద్మశాలి కుటుంబంలో పుట్టారు. హైదరాబాదులో నిజాం సర్కారు కొలువు చేసి, దాన్ని వదిలి సుద్దాల గ్రామం చేరారు. ఆ వూరే ఆయనకు యింటిపేరైంది. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ ఆయన దారిని మార్చింది. సుద్దాలలో సంఘం పెట్టి, వెట్టిచాకిరికి యెదురు నిలిచారు.

అక్షరం రాని జనానికి కరపత్రమిస్తే యేం లాభం? అందుకే గొల్లసుద్దులు, బుర్రకథ వంటి యెరుకైన కళలలోనే కొత్త మాట చెప్పారు. పాటలు రాయడమే గాక దళం కట్టి వూరూరా తానే పాడారు. సర్కారు కాగితాన్ని కాల్చగలదు గాని, జనం నోట్లో పాటను జప్తు చేయలేదు గదా!

బడికి పోవలసిన యీడులో పరుల పశువులు కాసే పసివాణ్ణి పలకరించే పాట 'పల్లెటూరి పిల్లగాడా'. సాయుధ పోరాటం 1951లో ఆగింది. పాట ఆగలేదు. 1980లో విడుదలైన గౌతం ఘోష్ చిత్రం 'మా భూమి' ద్వారా, పోరాటం చూడని తరానికి కూడా చేరింది. హనుమంతు 1982 అక్టోబరు 10న కన్నుమూశారు. కుమారుడు అశోక్ తేజ సినీ గేయరచయితగా జాతీయ పురస్కారం పొందారు.

సెలవుల్లో యింటికి పోయి ఆ పాట మా నాయినకు వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పిండు. ఆయన చిన్నప్పుడు మా యింట్ల ఒక జీతగాడు వుండేవాడట. నాయిన పలక పట్టుకొని బడికి పోతే, అదే యీడు పిలగాడు మా బర్లను తోలుకొని చెరువు కట్టకు పోయేవాడట. పేరేంది అని అడిగాను. అందరూ పిలిచే ముద్దుపేరు చెప్పిండు గాని అసలు పేరు యాదికి రాలేదు.

ఆ పిల్లగాడు దొరల గడిలోనే వుంటాడనుకొన్నాను. మా దొడ్డిలో గూడా వున్నాడని ఆనాడే తెలిసింది. నా బి.యస్సీ. చదువులో ఆ బర్ల పాల పైసలు కూడా వున్నాయి.

మిత్రులారా! మన కళాశాల వేదికపై యీ పాట పాడినప్పుడల్లా కవి పేరు కూడా చెప్పుదాం. పేరు లేకుండా పోయినవాళ్ళు యిప్పటికే చాలామంది.