దోమలన్నీ చావనక్కర లేదు: రోనాల్డ్ రాస్ గణితం

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. ఆ దోమకు రక్తమిచ్చిన రోగి హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ఆయనకు ముట్టింది. ఇది తెలుగువారికి తెలిసిన కథే. అయితే రాస్ తన ప్రధాన కృషిగా భావించినది మరొకటి: అంటువ్యాధుల గణితం.

రాస్ 1857 మే 13న అల్మోడాలో జన్మించారు. సాహిత్యం, గణితం ఆయనకు ప్రీతిపాత్రమైనవి. సైనికాధికారి అయిన తండ్రి కోరిక మేరకు లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, దోమకాటు ద్వారా వ్యాధి సంక్రమిస్తుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది.

అసలు పోరాటం ఆ తర్వాతే మొదలైంది. లాహోర్ సమీపంలోని మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమల నివారణ ప్రయోగం ఆశించిన ఫలితమివ్వలేదు. దోమలను సమూలంగా తొలగించలేనప్పుడు ఖర్చు వృథా అన్న వాదం బలపడింది. రాస్ దానికి లెక్కలతో బదులిచ్చారు. ఒక రోగి నుంచి సగటున ఒకరికన్నా తక్కువ మందికి వ్యాధి సోకితే, అది క్రమంగా క్షీణిస్తుంది. అందుకు దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే చాలు. 1911లో మలేరియా నివారణపై తన గ్రంథం రెండో కూర్పులో ఈ సమీకరణాలను విస్తరించారు. 1916, 1917లలో గణితవేత్త హిల్డా హడ్సన్‌తో కలసి వాటిని ఇతర అంటువ్యాధులకూ అన్వయించారు.

1901లో సియెర్రా లియోన్ యాత్రలో రాస్ వెంట వెళ్లిన యువవైద్యుడు మెకెండ్రిక్ ఈ బాటలోనే నడిచారు. 1927లో కెర్మాక్‌తో కలసి రూపొందించిన నమూనాను బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో సరిచూశారు. రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

కోవిడ్ కాలపు అంచనాలకూ ఈ లెక్కే పునాది. టీకా పొందిన సమాజంలో రెండు వేరియంట్లు పోటీపడితే, ఒక రోగి నుంచి ఎక్కువ మందికి సోకేదే నిలుస్తుంది. టీకా రక్షణను తప్పించుకునే వేరియంట్‌కు సోకదగిన మనుషులు ఎక్కువగా దొరుకుతారు. అందుచేత సహజ వేగం తక్కువైనా అది నెగ్గవచ్చు. అయినా టీకా వృథా కాదు. ప్రతి సంక్రమణనూ ఆపలేకపోయినా, సగటును ఒకటికి దిగువకు తేవడంలో దాని వాటా దానికుంది. దోమల విషయంలో రాస్ చెప్పినదీ ఇదే.