వణుకుడు జబ్బుకు పేరైన డాక్టర్.. బొగ్గు పుట్టుక కథా రాశారు! ఎవరీ జేమ్స్ పార్కిన్సన్?

కమాన్‌పూర్: పార్కిన్సన్స్ అనగానే చేతులు వణకడమే గుర్తొస్తుంది. ఇంతకీ ఆ పేరు ఎవరిది? లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్‌ది. కమాన్‌పూర్, గోదావరిఖని జనం రోజూ చూసే బొగ్గుతోనూ ఆయనకు లింకుంది. అదేంటో చూద్దాం.

తండ్రి బాటలోనే..
పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ పక్కనే ఉన్న హాక్స్‌టన్‌లో పుట్టారు. తండ్రి జాన్ కూడా వైద్యుడే. ఆయన దగ్గరే పని నేర్చుకుని, అక్కడే ప్రాక్టీస్ పెట్టారు. ఊరికే మందులిచ్చి కూర్చునే మనిషి కాదు. పేదలకు ఓటు హక్కు కావాలంటూ మారుపేరుతో కరపత్రాలు రాశారు. 1794లో రాజు మూడో జార్జ్‌ను చంపే కుట్ర పన్నారంటూ ఆయన మిత్రులపై కేసు పెడితే, ప్రభుత్వ పెద్దల ముందు నిలబడి సాక్ష్యం చెప్పారు.

బొగ్గుతో లింకేంటి?
శిలాజాలంటే ఆయనకు ప్రాణం. 1804లో వాటిపై పెద్ద పుస్తకం మొదటి భాగం తెచ్చారు. నేలలో పూడిన చెట్లూ చేమలూ బొగ్గుగా ఎలా మారతాయో అందులో చర్చించారు. గోదావరి లోయ బొగ్గు పొరల్లో కనిపించే ఆకు అచ్చులు చెప్పే కథా అదే. 1807లో లండన్ జియోలాజికల్ సొసైటీని స్థాపించిన 13 మందిలో ఆయనా ఒకరు.

వీధిలో దొరికిన రోగులు
1817లో ఆయన వణుకుడు జబ్బుపై చిన్న పుస్తకం రాశారు. అందులో ఉన్నది ఆరుగురి కథే. వాళ్లలో కొందరు వీధిలో నడిచి వెళ్తుంటే కంటపడినవాళ్లే. వణికే చేయి, ముందుకు వంగిన నడుము, ఉరుకుతున్నట్టు పడే అడుగులు.. అన్నీ పట్టేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1824 డిసెంబర్ 21న ఆయన చనిపోయారు. సుమారు 50 ఏళ్ల తర్వాత ఫ్రాన్స్ డాక్టర్ షార్కో ఈ జబ్బుకు ఆయన పేరు పెట్టారు.

నెట్‌లో కనిపించే పార్కిన్సన్ ఫొటోలు మాత్రం నమ్మొద్దు. ఫొటోగ్రఫీ జనంలోకి వచ్చేసరికే ఆయన లేరు. అవి వేరేవాళ్లవి.

ఆయనకు అందనిది ఇదే
రోగి మనసు, తెలివి బాగానే ఉంటాయని పార్కిన్సన్ అనుకున్నారు. ఇక్కడే లెక్క తప్పింది. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గితే ముఖం బిగుసుకుపోతుంది, నవ్వు బయటికి రాదు. అంతేకాదు, చాలామందికి ఎదుటివాళ్ల ముఖంలో, గొంతులో కోపం, భయం, బాధ కూడా సరిగ్గా పట్టుబడవు. ఇంట్లోవాళ్లేమో బాపుకు మా మీద ప్రేమ తగ్గిందని, ఏం చెప్పినా పట్టదని బాధపడతారు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం.

కోత లేకుండా మెదడుకు ప్రేరణ
దీనికి ఆపరేషన్ లేని పద్ధతులపై పరిశోధనలు జరుగుతున్నాయి. ఒకటి టీఎంఎస్. తలపై కాయిల్ పెట్టి అయస్కాంత తరంగాలు పంపుతారు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మొదలైంది. రెండోది టీడీసీఎస్. చాలా తక్కువ కరెంటు, సాధారణంగా 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లు, తలపై ప్యాడ్ల ద్వారా ఇస్తారు. ఎదుటివాళ్ల భావాలు గుర్తుపట్టే శక్తి వీటితో మెరుగవుతుందా అన్నదానిపై ఇంకా గట్టి రుజువు లేదు. జబ్బును పూర్తిగా నయం చేసే చికిత్సలైతే కావు. తలలో లోహపు ముక్కలున్నా, ఫిట్స్ ఉన్నా ముందే డాక్టర్‌కు చెప్పాలి. వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపొద్దు.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. కోపమొచ్చినా, బాధేసినా ముఖం చూసి అర్థం చేసుకుంటారులే అని ఊరుకోకండి. నోటితో చెప్పండి. వాళ్ల మనసులో ఏముందో కూడా ముఖం చూసి తేల్చేయకండి.. అడగండి.