గజపతుల రైలుబాట

వంశధారా నది కళింగపట్నం వద్ద సాగరసంగమం చేస్తుంది. పూర్వం ఎగువసీమల ధాన్యం ఈ రేవుకు బండ్లమీద చేరి ఓడలెక్కేది. 19వ శతాబ్దం చివర మద్రాసును కలకత్తాతో కలిపిన రైలుమార్గం ఈ రేవును తాకక, నౌపడ మీదుగా సాగిపోయింది. నౌపడకు సుమారు 40 కిలోమీటర్ల దూరాన, మహేంద్రతనయా తీరాన ఉన్నది పర్లాకిమిడి సంస్థానం. ఆ దూరాన్ని జయించిన ఘనత ఇద్దరు గజపతులది.

సంస్థానాధీశుడైన గౌరచంద్ర గజపతి తమ రాజధానిని నౌపడతో కలపాలని సంకల్పించారు. 1898లో ప్రభుత్వ అనుమతి లభించింది. సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో నిర్మించిన మార్గం 1900 ఏప్రిల్ 1న ప్రారంభమయింది. ప్రధాన మార్గంలో పట్టాల నడిమి ఎడం 5 అడుగుల 6 అంగుళాలు కాగా, ఇక్కడ అది 2 అడుగుల 6 అంగుళాలు మాత్రమే. దీనినే నారోగేజి అంటారు. పట్టాల ఎడం తగ్గితే కట్ట వెడల్పు తగ్గుతుంది. తేలికపాటి పట్టాలు, పొట్టి స్లీపర్లు, చిన్న వంతెనలు సరిపోతాయి. కొండ అడ్డువస్తే దానిని తొలవకుండా మలుపు తిరిగిపోవచ్చు. అమెరికాలోని కొలరాడో పర్వతాలలో 1871 నుండి 3 అడుగుల ఎడంతో రైలుమార్గాలు వేయడానికీ ఇవే కారణాలు. అయితే ఈ పొదుపుకు మూల్యం లేకపోలేదు. నౌపడలో ప్రతి బస్తానూ చిన్నబండి నుండి దింపి పెద్దబండికి ఎక్కించవలసిందే. తొలి సంవత్సరాలలో ఈ మార్గం నష్టాలనే చవిచూసింది.

గౌరచంద్రుని కుమారుడు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ 1892 ఏప్రిల్ 26న జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, మద్రాసులో విద్యనభ్యసించి, 1913లో సంస్థాన భారాన్ని వహించారు. భారత వ్యవసాయస్థితిని పరిశీలించిన రాయల్ కమిషన్‌లో సభ్యులయ్యారు. పండిన పంట అంగడి చేరనిదే రైతుకు ఫలం దక్కదు. క్రమంగా లాభాల బాట పట్టిన తండ్రిగారి మార్గాన్ని ఆయన 1929, 1931 సంవత్సరాలలో రెండు దశలుగా వంశధారా తీరాన ఉన్న గుణుపురం వరకు పొడిగించారు. దానితో మార్గం నిడివి సుమారు 90 కిలోమీటర్లయింది.

1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి హాజరైన గజపతి, ఒరియా ప్రజలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని కోరారు. రైలు తొలిసారి నడిచిన తేదీకి సరిగ్గా 36 ఏండ్ల తరువాత, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది; నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. గజపతుల విద్యాసంస్థలో దీర్ఘకాలం బోధించిన గిడుగు రామమూర్తి పంతులు ఈ విభజనను అంగీకరించలేక ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. ఒకరి స్వప్నం ఫలించిన దినమే మరొకరి గుండెకు గాయమయింది. గజపతి సొంత సంస్థానం సైతం ఆ సరిహద్దువల్ల రెండుగా చీలింది. ఆయన 1937లో ఒరిస్సా తొలి ప్రధానమంత్రి అయ్యారు; 1941 నుండి 1944 వరకు మరల ఆ పదవిని నిర్వహించారు. 1974 మే 25న కీర్తిశేషులయ్యారు.

2004లో ఆ చిన్నబండి ప్రయాణం ముగిసింది. 2011 నాటికి గుణుపురం వరకు బ్రాడ్‌గేజి పట్టాలు వచ్చాయి. నౌపడలో బస్తాలు మార్చే శ్రమ తీరింది. భాషలు గీసిన ఎల్లను దాటి, తండ్రీకొడుకులు వేసిన బాట నేటికీ ఇరుగుపొరుగులను కలుపుతూనే ఉంది.