కీర్తిశేషులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

శాస్త్రగ్రంథమునకు కర్త యెవరో, ద్రవ్యమొసగిన దాత యెవరో సత్యముగా తెలుపుట ధర్మము. ఇందులకు సుబ్బారావుగారి చరిత్రమును మహాజనులకు విన్నవించుచున్నాము.

వీరు 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసున వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకేగి హార్వర్డున చేరిరి. ప్రయాణమునకు మామగారు ధనము కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ తోడ్పడెను. బర్మాలో ఆర్జించిన విత్తమును విద్యకై విడిచిన ఆ దాతను నేడెందరు స్మరింతురు?

1925లో ఫిస్కుపండితునితో కలిసి భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించిరి. అది యిరువురి పేళ్లతో నిలిచినది. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియేటినును వెల్లడించిరి. అయినను వీరు వేరుచేసిన మఱికొన్ని పదార్థములు ప్రకటనకు నోచుకొనక, పిమ్మట అన్యులచే మరల కనుగొనబడవలసి వచ్చెనని, 1988లో నోబెలు బహుమానమందిన హిచింగ్సుగారు సాక్ష్యమిచ్చిరి.

1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, ఫోలికామ్లమును కృత్రిమముగా నిర్మించిన పండితబృందమును నడపిరి. ఆ ప్రకటనలో 16 మంది పేళ్ల నడుమ వీరిదియు నొకటి, అంతియే. వీరి యాజమాన్యమున డగ్గరుగారు కనుగొనిన ఆరియోమైసిను 1948లో డగ్గరుగారి పేరనే వెలువడెను. అధికారియైనను పరుల శ్రమపై తమ పేరు చేర్చుకొనలేదు. తమకు దక్కనిదానిని పరులకు దక్కనిచ్చిరి!

1948 ఆగస్టున పరమపదించిరి. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. ఋణము కొంత తీరినది. విద్యాపోషకులగు మనము కర్త పేరును, దాత పేరును మరువకుందుము గాక!