డిచ్‌పల్లి వైద్యురాలు – డాక్టర్ ఇసబెల్ కెర్

కుష్ఠరోగి యొకడు తన యొద్దకు వచ్చి మ్రొక్కినప్పుడు, మన ప్రభువు ఒక్క మాటతోనే వానిని శుద్ధుని చేయగలవాడైయుండియు, చెయ్యి చాపి వానిని ముట్టెను. ఆయన మాట వాని వ్యాధిని పోగొట్టెను. ఆయన స్పర్శ వాని ఒంటరితనమును పోగొట్టెను. వ్యాధిని పోగొట్టు మందు ఇంకను చేతికి రాని దినములలో, ఆ స్పర్శనైనను రోగులకు అందింపవలెనని మన తెలుగు దేశమున పాటుపడిన వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె 1875లో స్కాట్లండు ఈశాన్య భాగమందలి ఎంజీ అను పల్లె సీమలో ఒక రైతు కుటుంబమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైయున్న ఆ కాలమున అబెర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి, 1903లో వైద్యపట్టము పొందెను. ఆ సంవత్సరమే రెవరెండ్ జార్జి కెర్ గారిని వివాహమాడెను. 1907లో ఆ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున నిజాము రాజ్యమునకు వచ్చి, ఇందూరని పూర్వము పిలువబడిన నిజామాబాదు ప్రాంతమున పరిచర్య ప్రారంభించిరి.

ఆనాడు కుష్ఠరోగి బ్రతుకు జీవన్మరణమే. వ్యాధి నరములను చంపును. స్పర్శ తెలియని చేతులు నిప్పులో కాలినను, కాళ్లకు ముల్లు నాటినను రోగికి తెలియదు. పుండ్లు ముదిరి వ్రేళ్లు పోవును. రెప్ప మూతపడక కన్ను చెడును. కొందరికి నరముల వాపుచేత రాత్రింబగళ్లు బాధయే. దీనికి తోడు ఊరు వెలివేయును, ఇల్లు తలుపు మూయును. బ్రిటిషు ఇండియాలో 1898 నాటి చట్టము బిచ్చమెత్తుకొను కుష్ఠరోగులను పట్టి ఆశ్రమములలో నిర్బంధించుటకు సైతము అధికారమిచ్చెను. బస్తరు అడవులకు ఉత్తరమున, చాంపాలో మెన్నొనైటు మిషనరీ పి. ఎ. పెన్నర్ 1902లో నెలకొల్పిన ఆశ్రమమువంటివి అక్కడక్కడ నుండెను. అయితే అట్టి ఆశ్రమములను మరణము వచ్చువరకు తలదాచుకొను చోట్లుగానే లోకము ఎంచుచుండెను.

1911లో కెర్ దంపతులు నిజామాబాదులో కుష్ఠరోగులకొరకు ఒక చిన్న కేంద్రమును తెరచిరి. రోగుల సంఖ్య పెరుగగా స్థలము చాలకపోయెను. అప్పుడు నర్సాగౌడ్ అను హైందవ దాత ధనసహాయము చేసెను. ఆ విధముగా నిజామాబాదు సమీపమునగల డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠరోగుల ఆసుపత్రి 1915 నాటికి రూపుదిద్దుకొనెను. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చెప్పిన ఉపమానము ఇచ్చట మరియొక రీతిగా నెరవేరెను.

ఆ తొలి యేండ్లలో వైద్యురాలు చేయగలిగినది స్వల్పముగా కనబడవచ్చును: పుండ్లు కడుగుట, కట్లు కట్టుట, బాధ తగ్గించుట, కడుపునిండ అన్నము పెట్టుట. కాని సంవత్సరములతరబడి ఎవరును తాకని మనుష్యునికి పుండు కడుగు చేయియే మొదటి సువార్త.

తరువాత ఒక నిరీక్షణ ఉదయించెను. హిడ్నోకార్పస్ గింజల నూనె దేశీయ వైద్యమున చిరకాలముగా వాడబడుచుండినను, త్రాగినచో వమనము కలిగించుటచే రోగులు దానిని సహింపలేకపోయిరి. దానిని సూదిమందుగా నిచ్చు పద్ధతిని కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ అభివృద్ధిపరచెను. మంచి ఆహారమును, శరీరశ్రమయు, ఇతర వ్యాధుల నివారణయు ఆ చికిత్సలో భాగములే. డాక్టర్ కెర్ ఈ విధానమును డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టెను. సూదులు బాధాకరములు, చికిత్స దీర్ఘకాలికము. అందరికిని గుణమిచ్చినదియు కాదు. అయినను వ్యాధి తొలిదశలోనున్నవారు మేలుపడజొచ్చిరి.

ఇచ్చట నాటి వైద్యులందరి యెదుట ఒక కఠినమైన ప్రశ్న నిలిచెను. పడకలు కొన్నియే. బాగుపడువారికి చోటిచ్చి, వ్రేళ్లును చూపును పోగొట్టుకొన్నవారిని త్రోసివేయవలెనా? ముందువారిని విడిచినచో వ్యాధి ఆగదు. వెనుకవారిని విడిచినచో ప్రేమ ఆగును. వైద్యమునకు ఫలితమును చూచు కన్ను కావలెను. పరిచర్యకు ఫలితమును లెక్కింపని హృదయము కావలెను. ఈ రెంటిని కలిపి మోయుటయే కుష్ఠరోగుల సేవలోని భారము.

1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము లభించెను. 1932లో ఆమె హఠాత్తుగా ప్రభువునందు నిద్రించెను. భర్త మరికొన్ని సంవత్సరములు అచ్చటనే సేవ కొనసాగించెను. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తరువాతి కాలమున నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోను మాత్రలను ప్రయోగించి గుణమును నిరూపించినవారిలో ఒకడాయెను. 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సచే ఈ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. ఆ పంటను ఆమె చూడలేదు; విత్తువారిలో ఆమెయు ఒకతె.

నయముకాని రోగులకు బాధానివారణ చేయుట నేడు వైద్యశాస్త్రమున ఒక ప్రత్యేక శాఖయైనది. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమమును, 1986లో బొంబాయిలో శాంతి ఆవేదనా సదనమును వెలసినవి. మందు చాలనిచోట సేవ ముగియదని ఈ శాఖ బోధించుచున్నది.

ప్రియ చదువరీ, నీ యింటనో, నీ సంఘమందో వైద్యులు ఇక చేయగలిగినది లేదని చెప్పిన రోగి యొకరు ఉండవచ్చును. స్వస్థపరచు శక్తి నీకు లేదని వెనుదీయకుము. వారి మంచము చెంత కూర్చుండుము, పెదవులు తడుపుము, చేయి పట్టుకొనుము. చెయ్యి చాపిన ప్రభువు నీ చేతిని అడుగుచున్నాడు.