పంతులుగారి స్వీయ చరిత్రము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమును కూర్చుటకై పడిన శ్రమ సామాన్యము కాదు. మన ప్రాచీన కవులు తమ వంశమును, గురువును, కృతిభర్తను వర్ణించిరి గాని తాము పుట్టిన సంవత్సరమును చెప్పరైరి. శాసనములను బట్టియు, కృతిభర్తల వంశావళులను బట్టియు వారి కాలమును నిర్ణయింపవలసి వచ్చెను. ఆ చిక్కులన్నియు నెరిగిన పురుషుడు తన కథను పరుల యూహకు విడువకుండుట సహజమే యని మా యభిప్రాయము.

వారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించుటయు, 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును జరిపించుటయు నెల్లరు నెరిగినవే.

స్వీయ చరిత్రము మొదటి భాగము 1911లోను, రెండవది 1915లోను వెలువడెను. అంతకు పూర్వము తెలుగువారెవ్వరు నిట్టి పని చేయలేదని కాదు. చెన్నపురి సదరు అదాలతు కోర్టులో భాషాంతరీకర్తగ నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారు తమ కథ వ్రాసికొనిరి. కాని యది ఆంగ్లమున. వారు 1839లో గతించిన పిమ్మట 1873లో గాని యచ్చుపడలేదు. పంతులుగారో, తెనుగున, ప్రతిపక్షులలో పలువురు జీవించియుండగనే ప్రకటించిరి. న్యాయస్థానములలో తిరుగు మా బోంట్లకు ఇదియే ముఖ్యముగ తోచును. కాదనగలవారు ఎదుట నుండగా చెప్పిన సాక్ష్యమునకు విలువ యధికము కదా! పింఛను పుచ్చుకొని తీరికగ స్వీయ చరిత్ర వ్రాయదలచు మిత్రులు, వారివలె ఉత్తరములను, పత్రికలను ముందు భద్రపరచుకొందురు గాక. అయినను పంతులుగారు సాక్షియే కాక వాదియు నగుటచేత, వివాదములు వచ్చినచోట గ్రంథము పెరిగి పాఠకుడు కొంత యలసిపోవును.

మాకు లోపముగ తోచునది వేరొకటి. వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు 1910లో కాలధర్మము నొందిరి. మొదటి భాగము గ్రంథరూపమున వెలువడుట చూడలేదు. వితంతు వివాహముల దినములలో వంటవారును నీళ్లు మోయువారును ఆ యింటికి రామనినపుడు గోదావరినుండి నీరు తెచ్చినదియు, వండి వడ్డించినదియు నామెయే. ఆశ్రయము కోరివచ్చిన బాలవితంతువులకు తల్లియైనదియు నామెయే. భర్తకు సభయు, పత్రికయు, కలమును ఉండెను. ఆమె తన కథను గ్రంథముగ వ్రాసి యుంచలేదు. వ్రాసియున్నచో ఆ సంగ్రామము వీధివాకిటినుండియే కాక పెరటివాకిటినుండియు మనకు కనబడియుండెడిది.

పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపురిలో, కొమర్రాజు లక్ష్మణరావుగారి వేదవిలాసమున కన్నుమూసిరి. కవుల చరిత్రమును సవరించు పని యప్పటికిని వారి చేతిలోనే యుండెను.